మందు కంటే ముందు నీళ్లు



మొయినాబాద్ దగ్గరి ఒక పల్లె నుండి ఒక సహోదరి ఈ శీర్షికకు ఉత్తరం రాశారు. తమ పదకొండేళ్ల అబ్బాయి ఏడాదిగా అడుగుతుంటే, మొన్నటి పుట్టినరోజుకు ఒక చేపల తొట్టి కొనిచ్చారట. పన్నెండు చేపలు తెచ్చి వదిలారు. నెల తిరగకముందే అందులో తొమ్మిది చచ్చిపోయాయి. చచ్చినప్పుడల్లా పట్నం వెళ్లి దుకాణదారుణ్ణి అడగడం, అతడు ఇచ్చిన నీలం మందో పసుపు మందో తెచ్చి తొట్టిలో పోయడం జరిగింది. ఫలితం లేదు. “నోరులేని జీవాలను కూడా చూసుకోవడం చేతకాదు నీకు” అని వాళ్ల నాన్న ఒకరోజు గట్టిగా కోప్పడ్డాడు. ఆనాటి నుండి పిల్లవాడు తొట్టి వైపు చూడడం మానేశాడు. అన్నం దగ్గర కూడా నోరు విప్పడం లేదు. “మిగిలిన మూడింటినైనా బ్రతికించే మందు ఏదైనా ఉంటే చెప్పండి అన్నయ్యా” అన్నది ఆ ఉత్తరంలోని చివరి మాట.

నేనుండేది చేవెళ్లలో. మర్రిచెట్ల దారిన బస్సెక్కితే మొయినాబాద్ ఎంతో దూరం కాదు. ఇలాంటి విషయంలో చూడకుండా సలహా చెప్పడం, నాడి పట్టకుండా మందు రాయడం లాంటిది. అందుకని ఒక శనివారం మధ్యాహ్నం నేనే వెళ్లాను. చాలా ఏళ్లు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి కనుక పి.హెచ్. చూసే కాగితాలు, అమోనియా కనిపెట్టే చుక్కల సీసా, నైట్రైటు, నైట్రేటులను చూపే స్ట్రిప్పులు సంచిలో వేసుకున్నాను. ఇవి రంగుచేపలు అమ్మే దుకాణాల్లోనే దొరుకుతాయి.

తొట్టి ముందుగదిలో తళతళలాడుతూ ఉంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు. ఒక ఘనపు అడుగుకు ఇంచుమించు 28 లీటర్ల నీళ్లు పడతాయి కనుక ఇది డెబ్బై లీటర్ల తొట్టి. గులకరాళ్లు, నింపని భాగం పోను అరవై లీటర్ల నీళ్లు ఉంటాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయినా మిగిలిన మూడు గోల్డ్ ఫిష్‌లు నీటి పైభాగానికి చేరి, రెక్కలు ముడుచుకుని, నోళ్లు తెరిచి ఆయాసపడుతున్నాయి.

తేటగా ఉన్న నీళ్లు మంచి నీళ్లని మనం అనుకుంటాం. పాఠకులు ముందుగా మరిచిపోవలసింది ఈ మాటే. చేపను చంపే వాటిలో చాలావాటికి రంగూ ఉండదు, వాసనా తెలియదు.

నేను మందుల సీసాల జోలికి పోకుండా మూడు ప్రశ్నలు అడిగాను. చేపలు ఒకేసారి చచ్చాయా, ఒక్కొక్కటిగానా? ఏ రోజుల్లో చచ్చాయి? అంతకు ముందురోజు తొట్టికి ఏం చేశారు?

మొదటి రెండు ప్రశ్నలకు తల్లిదండ్రులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుమ్మం దగ్గర నిలబడిన పిల్లవాడే మెల్లగా జవాబు చెప్పాడు. “రెండేమో సోమవారం పొద్దున సచ్చిపోయినయి సార్. కడమవన్నీ శుక్రవారం, శనివారమే.” ఏ ఒక్కటీ మంగళ, బుధవారాల్లో చావలేదు. తొట్టి వైపు చూడడం మానేశాడన్న పిల్లవాడికి తొమ్మిది చావులూ రోజులతో సహా జ్ఞాపకం ఉన్నాయి!

మూడో ప్రశ్నకు తల్లి చెప్పింది. “ఏమీ తక్కువ చేయలేదన్నా. ప్రతి ఆదివారం సాయంత్రం నీళ్లన్నీ పారబోసి, రాళ్లు, ఫిల్టర్ స్పాంజి అన్నీ సబ్బుపొడి పెట్టి రుద్ది, బోరు నీళ్లు నింపుతున్నాం.” పొద్దున పిల్లవాడు, మధ్యాహ్నం నానమ్మ, రాత్రి నాన్న మేత వేస్తున్నారట. నానమ్మ అప్పుడప్పుడు రొట్టె ముక్కలు కూడా వేస్తుందట.

జబ్బు సగం ఇక్కడే తెలిసిపోయింది. ఎలాగో కొంచెం వివరంగా చెబుతాను.

చేప తిన్నది అరిగిన తర్వాత అమోనియా రూపంలో ఎక్కువగా మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. మిగిలిపోయి కుళ్లిన మేత నుండి కూడా అదే పుడుతుంది. చెరువులో నీరు అపారం కనుక ఇబ్బంది లేదు. అరవై లీటర్ల తొట్టిలో దాన్ని ఎవరు తీసివేయాలి? రాళ్ల మీద, స్పాంజిలో స్థిరపడే కొన్ని రకాల బాక్టీరియాలు ఆ పని చేస్తాయి. మొదటి రకం అమోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఇదీ విషమే. రెండో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. ఇది చేపకు చాలా తక్కువ హాని చేస్తుంది. కొత్త తొట్టిలో ఈ పనివాళ్లు సరిపడా పెరగడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. మన సహోదరి ప్రతి ఆదివారం వాళ్లను సబ్బుపొడితో కడిగి కాలువలో పారబోస్తున్నది! పాపం, ఇంట్లో గిన్నెలు తోమినంత శ్రద్ధగా చేసిన పని అది. దానితో తొట్టి ప్రతి వారమూ కొత్త తొట్టే అయింది. వారమంతా పేరుకున్న అమోనియా శుక్ర, శనివారాల నాటికి హెచ్చుతుంది. చావులు ఆ రోజుల్లోనే ఎందుకు జరిగాయో ఇప్పుడు అర్థమైంది కదా! పైగా తెచ్చి పోసిన మందులు కొన్ని ఆ బాక్టీరియాలను కూడా చంపుతాయి. నీలం రంగు మిథిలీన్ బ్లూ అటువంటిదే.

చుక్కల సీసాతో పరీక్షిస్తే నీరు చిక్కటి ఆకుపచ్చకు తిరిగింది. మంచి తొట్టిలో అది పసుపు దాటకూడదు.

మరి సోమవారం ఉదయం చచ్చిన రెండింటి మాట? నేను పిల్లవాణ్ణి పిలిచి రెండు గ్లాసులు తెమ్మన్నాను. ఒకదానిలో అప్పుడే బోరు నుండి పట్టిన నీళ్లు, రెండోదానిలో తొట్టి నీళ్లు. రెండింటిలోనూ పి.హెచ్. కాగితాలు వాడి చేతనే ముంచించాను. బోరు నీళ్లు 7 చూపాయి. తొట్టి నీళ్లు 8 దాటాయి. “సార్, నీళ్లు ఒక్కటే కదా! రంగులు రెండెందుకు వచ్చినయి?” అన్నాడు. నేను వెళ్లిన తర్వాత వాడు అడిగిన మొదటి ప్రశ్న అది.

మంచి ప్రశ్నే. భూమి లోతున రాతి సందుల్లో ఉండే నీటిలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా, ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు. పైకి తోడి గాలి తగలనిస్తే ఆ వాయువు బయటకు పోతుంది, పి.హెచ్. పెరుగుతుంది. ఆదివారం సాయంత్రం అప్పటికప్పుడు తోడిన నీటిలో చేపలను వేస్తే, ఆ రాత్రి వాటికి సరిగా ఊపిరి ఆడదు. తెల్లవారేసరికి నీటి గుణమే మారిపోతుంది. బలహీనమైనవి తట్టుకోలేవు.

ఇంకొక సంగతి. అమోనియా అంతా ఒకే తీరుగా విషం కాదు. పి.హెచ్. 7 దగ్గర విషరూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. 8 దగ్గర నూటికి అయిదారు వంతులు అవుతుంది. 9కి వెళితే మూడో వంతు దాటుతుంది. అంటే కొలతలో అమోనియా పెరగకపోయినా, పి.హెచ్. పెరిగితే చేప మీద దెబ్బ పెరుగుతుంది. నీటి వేడి పెరిగినా అంతే. కనుక ఒక్క కొలత చూసి తీర్పు చెప్పకూడదు.

ఇదంతా విని ఆ సహోదరి కళ్లలో నీళ్లు తిరిగాయి. “అయితే వాటిని చంపింది నేనేనా అన్నా?” అన్నది. “శుభ్రం చేయడం తప్పెలా అవుతుందమ్మా? తెలియక చేసింది తెలిసాక మార్చుకుంటే చాలు” అన్నాను. తండ్రి ఏమీ అనలేదు. లేచి వెళ్లి కొడుకు పక్కన నిలబడ్డాడు.

ఆ రోజు చేసిన వైద్యం ఇది. మేత పూర్తిగా ఆపించాను. గోల్డ్ ఫిష్ రెండు మూడు రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది. వెడల్పాటి టబ్బులో నీళ్లు పట్టి, గాలి మోటారు గొట్టం అందులో వేసి రాత్రంతా ఉంచమన్నాను. మర్నాడు తొట్టిలో సగం నీళ్లు తీసి, అంతే వేడిమి ఉన్న ఈ నీళ్లు మెల్లగా పోయమన్నాను. అమోనియా తగ్గేవరకు రోజు విడిచి రోజు ఇలాగే చేసి, తర్వాత వారానికి పావు వంతు చాలన్నాను. స్పాంజిని కడగవలసి వస్తే, తొట్టిలో నుండి తీసిన నీటిలోనే పిండాలి. సబ్బు తగలనీయకూడదు.

ఇంకొక పరీక్ష మిగిలింది. తొట్టి నీటిలో నైట్రైటు లేదు కాని, నైట్రేటు ఎక్కువగానే కనబడింది. వారానికోసారి నీళ్లన్నీ మార్చే తొట్టిలో ఇంత నైట్రేటు ఎక్కడిది? అనుమానం వచ్చి బోరు నీటిలోనే ఒక స్ట్రిప్పు ముంచాను. అక్కడా అదే రంగు, 50 గీతకు పైన. చేపలను చంపింది అది కాదు. కాని నాకు భయం వేసింది. ఎందుకంటే లోపలి గదిలో ఉయ్యాల చప్పుడు వినబడుతున్నది. పురుటికి వచ్చిన వాళ్ల పెద్దమ్మాయి మూడు నెలల బిడ్డతో అక్కడే ఉంది. తల్లిపాలు చాలడం లేదని డబ్బాపాలు పడుతున్నారు.

“పాలపొడి ఏ నీళ్లలో కలుపుతున్నారమ్మా?” అని అడిగాను. “బోరు నీళ్లే అన్నా. బాగా మరగబెట్టే కలుపుతున్నాం” అన్నది.

పాఠకులు దయచేసి ఈ మాట గుర్తుంచుకోవాలి. మరగబెడితే క్రిములు చస్తాయి. నైట్రేటు పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ అది మరింత చిక్కబడుతుంది. మన దేశంలో తాగునీటికి లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు దాటకూడదని భారత ప్రమాణం చెబుతున్నది. ఆరు నెలల లోపు శిశువుల కడుపులో అది నైట్రైటుగా మారి, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేయగలదు. పెదవులు, చర్మం నీలంగా మారతాయి. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. విచిత్రమేమిటంటే, తొట్టిలో నైట్రైటు పెరిగినప్పుడు చేపకు వచ్చే జబ్బు కూడా సరిగ్గా ఇదే. దాని రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్లలో ప్రాణవాయువు ఉన్నా చేప ఊపిరాడక పైకి తేలుతుంది.

దేవుని దయవల్ల బిడ్డ ఆరోగ్యంగానే ఉంది. ఆ పూటనుండే పాలకు బోరు నీళ్లు మాన్పించి, మిషన్ భగీరథ నల్లా నీళ్లు మరగకాచి వాడమన్నాను. వెంటనే బిడ్డను డాక్టరుకు చూపించమన్నాను. స్ట్రిప్పు రంగు అనుమానాన్ని మాత్రమే చూపుతుంది. కనుక బోరు నీటిని శుభ్రమైన సీసాలో పట్టి, నీటి పరీక్షాకేంద్రానికి పంపించాం. పది రోజులకు కాగితం వచ్చింది. నైట్రేటు 45 దాటిందనే తేలింది. బోరుకు ఒక పక్క సెప్టిక్ గుంత, మరొక పక్క పశువుల కొట్టం, వెనుక యూరియా వేసే కూరగాయల మడులు. వీటిలో దేని నుండి దిగిందో చెప్పలేం. మూడింటికీ ఆ శక్తి ఉంది.

అందరి ఇళ్లలో ఇదే కారణం ఉండదు. కనుక చేపలు పెంచే పాఠకుల కోసం కొన్ని గుర్తులు రాస్తున్నాను.

1. తెల్లవారుజామున మాత్రమే చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ, పొద్దెక్కాక సర్దుకుంటే, ప్రాణవాయువు చాలడం లేదని గుర్తు. తొట్టిలోని మొక్కలు కూడా రాత్రిపూట దాన్ని వాడుకుంటాయి. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే పట్టుకోగలదు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడు చెంబుతో నీళ్లు ముంచి ఎత్తునుండి పోస్తూ ఉండండి.

2. నీళ్లు మార్చిన గంటలోపే చేపలు అటూ ఇటూ దూకుతూ, మొప్పలు పాలిపోతే క్లోరిన్‌ను అనుమానించండి. నల్లా నీటిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మనకు రక్షణ. చేప మొప్పలకు అది కాల్చే మందు. నీళ్లను వెడల్పాటి పాత్రలో ఒక రోజు ఉంచండి. లేదా దుకాణంలో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే హైపో చుక్కలు వేయండి.

3. బాగున్న చేపలన్నీ ఒక్క పూటలో పోతే అది సాధారణంగా అంటువ్యాధి కాదు, విషం. దోమల మందు చల్లారా? గదిలో దోమల చుట్ట వెలిగించారా? వాటిలో ఉండే పైరిథ్రాయిడ్ మందులు చేపలకు ప్రాణాంతకం. గాలి మోటారు ఆ గాలినే నీటిలోకి పంపుతుంది. పూలతోటలకు, కూరగాయలకు మందు కొట్టి వచ్చిన చేతులు కడగకుండా తొట్టిలో పెట్టడం కూడా అంతే ప్రమాదం.

4. నైట్రైటు కనబడితే నీళ్లు మార్చడంతో పాటు లీటరుకు ఒక గ్రాము చొప్పున, అయోడిన్ కలపని దొడ్డుప్పు కరిగించి పోయవచ్చు. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. టెట్రాలు, మొక్కలు ఉన్న తొట్టిలో మాత్రం జాగ్రత్త.

5. నీరు పాలలా తెల్లబడితే మేత ఎక్కువైందని, పచ్చబడితే వెలుతురు ఎక్కువైందని గ్రహించండి. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి.

6. క్యాన్ నీళ్లు శుద్ధమైనవని వాటితోనే తొట్టి నింపకండి. లవణాలు బాగా తీసివేసిన నీటిలో పి.హెచ్. నిలకడగా ఉండదు.

7. ఒక్కొక్క చేపకే ఒంటి మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లమచ్చలు, చీలిన రెక్కలు కనబడితే అది రోగం. అప్పుడు మందు అవసరమే. కాని అప్పుడు కూడా ముందు నీటిని పరీక్షించండి. చలికాలంలో నీటి వేడిమి ఒక్కసారిగా పడిపోయిన తర్వాత తెల్లమచ్చలు తరచుగా వస్తాయి.

చిన్న తొట్టిలో చూసిన ఈ సంగతి పెద్ద నీటికీ వర్తిస్తుంది. మొయినాబాద్‌కు ఇరువైపులా రెండు పెద్ద జలాశయాలున్నాయి. 1908 నాటి మూసీ వరద మిగిల్చిన దుఃఖం నుండి పుట్టినవే ఇవి. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వీటిలోకి వచ్చే నీరు చెడిపోకూడదని 1996 మార్చి 8న 111వ నంబరు జీవో వెలువడింది. చుట్టూ 84 గ్రామాల్లో కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద కట్టడాలను అది అడ్డుకుంది. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల గ్రామాలూ అందులో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవో ఆ ఆంక్షలను తొలగిస్తూ, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినకూడదని షరతు పెట్టింది. ఆంక్షల వల్ల భూముల ధరలు పెరగలేదన్న రైతుల బాధ నిజమైనదే. అయితే షరతు కాగితం మీద ఉంటే చాలదు, ఎవరో ఒకరు నీటిలో స్ట్రిప్పు ముంచి చూస్తూ ఉండాలి. పటాన్‌చెరు దగ్గరి గండిగూడెం చెరువులో 2017 అక్టోబరులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. పరిశ్రమల వ్యర్థాలే కారణమని మత్స్యకారులు మొరపెట్టుకున్నారు. చేపలు తేలిన తర్వాత చేసే పరీక్ష ఆలస్యపు పరీక్షే.

మొన్న మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. మూడు చేపల్లో ఒకటి మేము పరీక్ష చేసిన మర్నాడే పోయింది. మిగిలిన రెండూ తొట్టి అడుగున రాళ్లు కెలుకుతూ తిరుగుతున్నాయి. తొట్టి పక్కన ఒక నోటుపుస్తకం ఉంది. తేదీ, పి.హెచ్., అమోనియా, ఎన్ని నీళ్లు మార్చిందీ గీతలు గీసి రాసి ఉంది. ఎడమవైపు పిల్లవాడి గుండ్రటి అక్షరాలు. వాడు బడి నుండి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో వాళ్ల నాన్న చేతిరాత. చివరి పేజీలో “ఇంటి బోరు” అని ఒక గడి, దాని పక్కన “పాపకు వద్దు” అని ఎర్ర సిరాతో రాసి ఉంది.

కొత్త చేపలు ఎప్పుడు తెస్తావురా అని అడిగితే, “అమోనియా సున్నా వచ్చి రెండు వారాలు కావాలె సార్. ఇంకా తొమ్మిది రోజులున్నయి” అన్నాడు.

మీ ఇంట్లో కూడా తొట్టి ఉంటే, ఈ వారం ఒక గ్లాసు నీళ్లు తీసి పరీక్షించండి. ఆ వెంటనే మీరు తాగే నీళ్లను కూడా ఒక గ్లాసు తీసి చూడండి. అనుమానం కలిగితే ఆలస్యం చేయకుండా పరీక్షాకేంద్రానికి పంపండి.